పసిబిడ్డను ఎవరి ఒడిలో విడుచుదము?

(సోలాపురమున మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశమునందు చదువబడిన ఉపన్యాస పాఠము)



మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి తండ్రిగారి నూలు కొట్టులో కూర్చుండినవారము. నాటినుండి నేటివరకు నూలు కొనుట, అమ్ముట తప్ప వేరు విద్య నెరుగము. అట్టివారము శిశుపోషణమునుగూర్చి ఉపన్యసింపబూనుట చూచి మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వదగినదే. కాని ఈ విషయమున మేమొక పెద్ద పొరపాటు చేసియున్నాము. పొరపాటు చేసి తెలిసికొన్నవాని మాట ఒక్కొక్కప్పుడు పండితుని మాటకంటె ఎక్కువగా అక్కరకు వచ్చును. ఆ ధైర్యముతోనే మీ యెదుట నిలిచితిమి.

తల్లిదండ్రులు పనికి పోవునప్పుడు పసిబిడ్డను ఎవరి ఇంట విడువవలెను? ఆ ఇంటిని ఎట్లెన్నుకొనవలెను? ఇదియే నేటి విషయము. మరాఠీ సోదరులు ఇట్టి ఇంటిని ‘పాళణాఘర్’ అందురు. పాళణా యనగా మన తొట్టెల. మన వాడలలోను ఆ మాటయే చెల్లుచున్నది గనుక మేమును దానినే వాడుదుము.

అవసరమెట్లు కలిగినది?

మన తాతముత్తాతలు తెలంగాణపు పల్లెలనుండి ఈ ఊరికి వచ్చిన కాలమున ఈ ప్రశ్నయే లేదు. మగ్గము ఇంటిలోనే యుండెడిది. బిడ్డ మగ్గము ప్రక్కనే యుండెడిది. తండ్రి నేయుచుండగా తల్లి కండెలు చుట్టుచు కాలితో తొట్టెల నూపెడిది. తరువాత మరమగ్గములు వచ్చినవి. మన స్త్రీలు బీడీ పనికి దిగిరి. ఆ పనియు చాలవరకు ఇంటి పట్టుననే జరుగును. ఉదయము కార్ఖానాకు పోయి చుట్టిన బీడీల నప్పగించి, తునికాకును తంబాకును తెచ్చుకొని, గడప ముందర చాట ఒడిలో పెట్టుకొని కూర్చుండినచో బిడ్డ కన్నుల యెదుటనే యుండును. తంబాకు దుమ్ములో పెరుగుట బిడ్డకు మేలని మేమనుటలేదు; తల్లి చూపు మాత్రము బిడ్డమీద నుండెడిదని చెప్పుచున్నాము.

నేటి మన కూతుండ్రలో, కోడండ్రలో అనేకులు బీడీ చాటను ముట్టుటలేదు. కొందరు యూనిఫారములు కుట్టు కార్ఖానాలకు పోవుచున్నారు. కొందరు ఆసుపత్రులలో నర్సులు, కొందరు బడిపంతులమ్మలు, కొందరు బ్యాంకులలోను దుకాణములలోను పనివారు. ఇది మన కులవృత్తికి కలిగిన లోటుగా మేము భావింపము. మన ఆడపిల్లల చదువునకు వచ్చిన ఫలముగా భావింతుము. కాని పని వీధిలోనికి పోయినది, బిడ్డ ఇంటిలో మిగిలినది.

“అవ్వ యున్నది గదా, చూచుకొనదా?” అని మీరందురు. ఉన్నచోట చూచుకొనుచునే యున్నది. కాని అనేక గృహములలో ఆ అవ్వయే ఇంకను బీడీలు చుట్టి ఇంటి ఖర్చులకు ఆసరాయగుచున్నది. మరికొన్ని కుటుంబములలో అవ్వ పాతపేటలో నుండిపోయినది, కొడుకు కోడలు దూరపు కాలనీకి తరలిపోయిరి. 2024 జనవరి 19న కుంభారి వద్ద రేనగరమున 15,000 ఇండ్లు బీడీ కార్మికులకును, మగ్గపు కార్మికులకును, ఇతర బీదలకును అప్పగింపబడినవి. సొంత ఇల్లు కలుగుట గొప్ప భాగ్యమే. కాని కొత్త ఇంటి తాళపుచెవితోపాటు ఇరుగుపొరుగు అవ్వలెవరును రారు గదా!

చట్టమున్నది, కాని గడప దాటదు

మన దేశమున ఈ సంగతిని ప్రభుత్వము పట్టించుకొనలేదని చెప్పరాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమును, 1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టమును, పెక్కుమంది స్త్రీలు పనిచేయుచోట ఆరేండ్లలోపు బిడ్డలకై ఒక గది యుండవలెనని విధించినవి. 2017లో ప్రసూతి సౌకర్యముల చట్టమును సవరించి, యాభైమందియో అంతకు మించియో పనివారున్న సంస్థలో శిశుగృహ సదుపాయ ముండవలెననియు, తల్లి దినమునకు నాలుగు పర్యాయములు పోయి బిడ్డను చూచుకొనవచ్చుననియు చేసిరి. పాత చట్టముల స్థానమున కొత్త కార్మిక స్మృతులు 2025 నవంబరు 21న అమలునకు వచ్చినవి. వానిలోను శిశుగృహపు నియమము కలదు.

మంచిదే. కాని మన అమ్మాయిలు పనిచేయు కుట్టు కార్ఖానాలలో ఎన్నిటికి యాభైమంది పనివారున్నారు? పది యంత్రములు, పన్నెండు యంత్రములుగల చిన్న షెడ్లే మన వాడలలో ఎక్కువ. ఇంటనే బీడీ చుట్టు తల్లికి కార్ఖానాలోని శిశుగృహము చిక్కునా? చట్టము పెద్ద వాకిటివరకే వచ్చి నిలిచిపోవుచున్నది.

1975 అక్టోబరు 2న ఆరంభమైన శిశు అభివృద్ధి పథకమువలన మనకు అంగన్‌వాడీలు కలిగినవి. వానిలో చిన్నపిల్లల ఆటపాటలు కొన్ని గంటలు మాత్రమే జరుగును. సాయంకాలము ఆరు గంటలకు ఇల్లు చేరు తల్లికి అది చాలదు. 2022 నుండి కేంద్ర ప్రభుత్వము ‘పాల్నా’ అను పేరుతో ఆరునెలలనుండి ఆరేండ్లవరకుగల బిడ్డలకై శిశుగృహములను, అంగన్‌వాడీతో కూడిన శిశుగృహములను నడుపు ఏర్పాటు చేసినది. మీ వాడలో అట్టిది కలదేమో మొట్టమొదట విచారింపుడు. లేనియెడల మిగులునది పొరుగింటి పాళణాఘర్ మాత్రమే. అచ్చటికి మన తరఫున పోయి చూచు అధికారి యెవడును లేడు. మన కన్నులే మనకు అధికారులు.

మా పొరపాటు

ఇక మా కథ. మా తమ్ముడు విజాపుర రోడ్డు వైపున వేరింట కాపురమున్నాడు. మరదలు బడిలో ఉపాధ్యాయిని. వారి బిడ్డకు పదునాలుగు మాసములు నిండినప్పుడు ఆమె సెలవు ముగిసినది. మా తల్లిగారికి మోకాళ్ల నొప్పి. బిడ్డ వెంట పరుగెత్తలేరు. “అన్నా, నీకు ఊరంతయు తెలుసును, ఒక మంచి పాళణాఘర్ చూడు” అని తమ్ముడు భారము మాపై పెట్టెను.

మేము పోయి చూచితిమి. ఇల్లు విశాలము. చలువరాతి నేల. గోడలమీద ఏనుగులు, చిలుకలు రంగురంగులుగా వ్రాయబడియున్నవి. ఒక మూల బొమ్మల అలమార. పైన కెమెరా; తల్లిదండ్రులు ఫోనులోనే చూచుకొనవచ్చునట. గృహిణి మంచి మాటకారి. నెలకింత యని చెప్పినది, మేము కొంత తగ్గింపుమంటిమి, కొంత తగ్గించినది. పావుగంటలో బేరము ముగిసినది. గొప్ప కార్యము చేసితిమని కాఫీ త్రాగి వచ్చితిమి.

అయ్యలారా, నూలు బేరమునకైనను మేమంత త్వరపడము. కొత్త మిల్లు నూలు వచ్చినచో మూటపై చీటీని నమ్మము. ఒక చిలప విప్పింతుము, పోగు తీసి వ్రేళ్లమధ్య పురి విప్పి చూతుము, తెంపి చూతుము, వెలుతురునకెత్తి ముడులు లెక్కింతుము. పరిచయస్థుడైన నేతగానికి ఒక కట్ట ఇచ్చి మగ్గముపై ఎట్లు నిలుచునో అడుగుదుము. ఇంత విచారించినగాని పది గాంఠ్లు కొననివారము, మా ఇంటి బిడ్డ విషయమున మూటపై చీటీని చూచి సంతకము పెట్టితిమి.

రెండు మాసములు గడచినవి. బిడ్డ బహు నెమ్మదిగలవాడయ్యెనని అందరము సంతోషించితిమి. సాయంకాలము ఇంటికి తెచ్చినను అల్లరి లేదు. “పాళణాఘర్‌లో క్రమశిక్షణ నేర్పుచున్నారు” అని మేమే నలుగురితో చెప్పితిమి.

నారళీ పూర్ణిమ వచ్చినది. ఆనాడు మన మార్కండేయ మహర్షి రథోత్సవ మెట్లుండునో మీకు చెప్పనక్కరలేదు. మరదలు ఒంటిపూట బడి ముగించుకొని, బిడ్డను పాళణాఘర్‌నుండి తీసికొని, రథము చూచుటకు మా ఇంటికి వచ్చినది. వాకిట ముందరనే డోళ్లు, తాషాలు మ్రోగుచు పోయినవి. వీధిలోని పసిపిల్లలందరును గ్రుడ్లప్పగించి చూచుచుండిరి, కొందరు జడిసి ఏడ్చుచుండిరి. మావాడు తల్లి భుజముమీద కన్ను తెరువలేదు.

మా తల్లిగారు దగ్గరకు వచ్చి బిడ్డ చెంప తట్టిరి. రెప్ప ఎత్తి చూచిరి. మావైపు తిరిగి, “బిడ్డ బుద్ధిమంతుడు కాలేదురా, మత్తుల ఉన్నడు!” అనిరి.

ఆ మాటతో రథము, ఊరేగింపు అన్నియు మరచి డాక్టరు వద్దకు పరుగెత్తితిమి. ఆయన పరీక్షించి మొదట అడిగిన ప్రశ్న, “ఏ మందు పోసినారు?” అని. మేమేమియు పోయలేదంటిమి. పాళణాఘర్ గృహిణికి ఫోను చేసితిమి. మొదట లేదన్నది. తరువాత, జలుబుండెనని దగ్గుమందు కొంచెము పోసితినన్నది. సీసా తెప్పించి చూచినచో అది పెద్దలు వాడునది, నిద్ర తెచ్చునది. విచారింపగా తేలిన సంగతి యేమన, ఆ ఇంట పదునొకండుగురు బిడ్డలు; చూచుకొనునది ఆమెయొక్కతె. మధ్యాహ్నము అందరును ఒకేసారి నిద్రించుటకు ఆమె కనిపెట్టిన ఉపాయమది. కెమెరాలో చూచినవారికి బిడ్డలు హాయిగా నిద్రించుచున్నట్లే కనబడిరి!

పసివారికి అట్టి మందులు ఊపిరిని మందగింపజేయగలవని డాక్టరు చెప్పి ఒక రాత్రి ఆసుపత్రిలో నుంచుకొనెను. దైవానుగ్రహమువలన బిడ్డ తెల్లవారుసరికి తేరుకొని పాలకై ఏడ్చెను. ఆ ఏడుపు వినినప్పుడు మాకు కలిగిన ఆనందము మరి ఏ సంగీతము వినినప్పుడును కలుగలేదు.

ఇది కొత్త పాపము కాదని తరువాత తెలిసికొంటిమి. బొంబాయి బట్టల మిల్లులలో పనిచేయు తల్లులు వేరుదారిలేక బిడ్డలకు నల్లమందు మాత్ర పెట్టి పనికి పోవుచుండిరి. 1931లో నివేదిక సమర్పించిన విట్లీ కార్మిక విచారణసంఘము ఈ దురాచారమును పేర్కొని, శిశుగృహములు కావలెనని చెప్పినది. నల్లమందు పోయినది, సీసా వచ్చినది. చేతులు చాలనిచోట మందు చేయిచేసికొనును, రహస్యమంతయు ఇదే. 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖవారు, రెండేండ్లలోపు బిడ్డలకు దగ్గు, జలుబు మందులు వ్రాయరాదనియు, ఐదేండ్లలోపువారికి సామాన్యముగా అవి తగవనియు డాక్టరులకు సలహాపత్రము పంపిరి. డాక్టరులకే ఇంత హెచ్చరిక యుండగా పొరుగింటివారు తమంత తాము పోయవచ్చునా?

రెండవ ఇల్లు

ఆ తరువాత మరల వెదుకుటకు మేము, మా తల్లిగారు, మరదలు ముగ్గురమును కలిసి పోయితిమి. ఏడిండ్లు చూచితిమి. చివరకు నిలిచినది రెండు గదుల చిన్న ఇల్లు. చలువరాయి లేదు, కెమెరా లేదు. యాభైయేండ్ల కన్నడపు అక్క. తోడుగా పెండ్లికాని చెల్లెలు. వారి వద్ద ముగ్గురే బిడ్డలు.

మేము ప్రశ్నలు అడుగుటకు పోయితిమి; ఆమెయే మమ్ములను అడుగనారంభించినది. బిడ్డ ఎన్ని గంటలకు లేచును? ఏ ప్రక్కకు తిరిగి పండుకొనును? దేనికి జడియును? ఏమి పెట్టిన ఉమియును? విరోచనమెట్లున్నది? చివరకు, “మీ తెలుగులో ఆకలైతే ఏమంటాడు, కడుపు నొస్తే ఏమంటాడు? నాకా మాటలు రాసివ్వండి సేట్” అన్నది. బువ్వ, నీళ్లు, ఉచ్చ, నొప్పి, జోజో, అవ్వ అని పది పదునైదు మాటలు మరదలు కన్నడలిపిలో వ్రాయించి ఇచ్చినది. ఆమె ఆ కాగితమును వంటింటి గోడకంటించుకొన్నది.

మొదటి ఇంట మేము ధర అడిగితిమి, ఆమె ధర చెప్పినది. బిడ్డనుగూర్చి ఇరువురమును ఒక్క మాటయైన ఆడలేదు. రెండవ ఇంట ధర మాట చివరకు వచ్చినది. సోదరులారా, మేము నేటి సభలో చెప్పదలచినది ఒక్కటే యైనచో అది యిది: బిడ్డనుగూర్చి మిమ్ములను ప్రశ్నలడుగువారిని వెదకుడు. ఆ ప్రశ్నలే వారి యోగ్యతాపత్రము.

ఇచ్చట మిత్రులొకరు మమ్ములను దెప్పిరి: “సభలలో మాతృభాష మాతృభాష యని చాటుదువు, నీ తమ్ముని బిడ్డను కన్నడపు ఇంట విడుచుదువా?” అని. న్యాయమైన ప్రశ్నయే, మేమును రెండు రాత్రులు ఆలోచించితిమి. మన పేటలోనే తెలుగువారి పాళణాఘర్ ఒకటి కలదు, కాని అచ్చట బిడ్డలు ఎక్కువ, చేతులు తక్కువ. తెలుగు పలుకు నోరు కావలెనా, బిడ్డను కనిపెట్టు కన్ను కావలెనా? రెండును ఒకచోట దొరికినచో అంతకు మించిన భాగ్యము లేదు. దొరకనప్పుడు కన్నునే ఎంచుకొనుడు. తెలుగును ఉదయము, సాయంకాలము, ఆదివారము ఇంటిలో మనమే నేర్పవలెను. తల్లిదండ్రులు ఇంట తమలో తాము మరాఠీ మాటలాడుకొనుచు, బిడ్డకు తెలుగు రాలేదని పాళణాఘర్‌పై నేరము మోపుట ధర్మము కాదు. మావాడిప్పుడు రెండేండ్లవాడు, అక్క ఇంట కన్నడములోను, మా ఇంట తెలుగులోను అల్లరి చేయుచున్నాడు. అల్లరి చేయుచున్నాడు, అది చాలును.

చూడవలసిన సంగతులు

ఇక ఇల్లు ఎన్నుకొనునప్పుడు గమనింపవలసినవానిని, మాకు తెలిసినంతవరకు, క్రమముగా చెప్పుదుము.

మొదటిది చేతుల లెక్క. ఎందరు బిడ్డలు, ఎందరు పెద్దలు అని అడుగుటతో ఆగక, మీరే లెక్కింపుడు. నడువని పసివారు ఇద్దరున్నచోట ఒక స్త్రీకి మూడవ బిడ్డయే భారము. నిప్పంటుకొన్నప్పుడు ఒక్కతె ఎందరినెత్తుకొని వీధిలోనికి రాగలదని ఆలోచింపుడు. అంతకు మించి బిడ్డలున్నచో వేరింటికి పొండు.

రెండవది చెప్పని వేళ పోవుట. ఉదయము పది గంటలకు ప్రతి ఇల్లును శుభ్రముగనే యుండును. మధ్యాహ్నము పన్నెండున్నరకు, అనగా అన్నము వేళకు పొండు. నాలుగు గంటలకు, అనగా నిద్ర లేచి ఏడ్చువేళకు పొండు. తలుపు వెంటనే తెరచిరా? ఏడ్చు బిడ్డను ఎత్తుకొనిరా, గద్దించిరా, ఫోను చేతికిచ్చి నోరు మూయించిరా? “చెప్పకుండ రాకూడదు” అను నియమముగల ఇంట బిడ్డను విడువకుడు.

మూడవది నీరు. నీటిని డ్రమ్ములలోను హౌదులలోను నిలువచేయుట మన ఊరివారికి అలవాటు. పసిబిడ్డ మునుగుటకు హౌదు అక్కరలేదు. సగము నిండిన బకెట్టు చాలును. తలక్రిందులుగా పడినచో శబ్దమైనను రాదు. మూతలున్నవా, స్నానపు గది తలుపు మూయబడియున్నదా అని చూడుడు. అట్లే మేడమెట్లు, గోడకున్న విద్యుత్తు రంధ్రములు, పొయ్యి గట్టు, క్రిందనుంచిన ఫినాయిలు, ఎలుకలమందు.

నాలుగవది తంబాకు. ఇది మన వాడలకు ప్రత్యేకము. బీడీ చుట్టు ఇంటిలోనే బిడ్డలను చూచుకొను తల్లులున్నారు. వారి కష్టము మేమెరుగుదుము, వారిని నిందింపము. కాని తంబాకు పిడికెడు నోటిలో వేసికొన్న పసిబిడ్డకు అది విషము. కత్తెర ఎల్లప్పుడును అందుబాటులో నుండును. తల వంచి వేయి బీడీలు చుట్టవలసిన కన్ను బిడ్డపై నిలుచుట దుర్లభము. ఆ పనియో ఈ పనియో ఒక్కటే కావలెను. లేదా బీడీ చాట వేరు గదిలో, బిడ్డలు వేరు గదిలో, వేరొకరి చూపులో ఉండవలెను.

ఐదవది తిండి, నిద్ర. ఏడాది నిండని బిడ్డను వెల్లకిల పరుండబెట్టవలెను. ముఖముపై దుప్పటి, ప్రక్కన దిండ్లు ఉండరాదు. ఏడాదిలోపు తేనె నాకింపరాదు. వేయించిన పల్లీలు, పుట్నాలు, ద్రాక్షపండ్లు చిన్నపిల్లల గొంతున అడ్డుపడును; నాలుగేండ్లవరకు పొడిచేసియో చీల్చియో పెట్టవలెను. ఈ సంగతులు వారికి తెలియునో లేదో అడుగుడు. తెలియనిచో చెప్పుడు. చెప్పినప్పుడు వినువారా, “మేము పదిమందిని పెంచినాము” అని త్రోసిపుచ్చువారా, అది గమనింపుడు.

ఆరవది మందు. వ్రాసి ఇచ్చినదియు, తల్లి చేతితో ఇచ్చినదియు తప్ప ఒక్క చుక్కయైన పోయరాదని మొదటి దినముననే చెప్పుడు. జ్వరము తగిలినచో ఫోను చేయవలెను. మీరును జ్వరముతోనున్న బిడ్డను దాచి విడిచిపోరాదు; అచ్చట ఇతరుల బిడ్డలున్నారు.

ఏడవది చెప్పుటకు సంకోచము కలిగించునది, కాని చెప్పక తప్పదు. ఆ ఇంట పగటివేళ ఎవరెవరుందురు? అద్దెకున్నవారెవరు? వచ్చిపోవు బంధువులెవరు? ఆడబిడ్డయైనను మగబిడ్డయైనను ఈ విచారణ చేయవలెను. బిడ్డ హఠాత్తుగా ఒక మనిషిని చూచి వణకినను, బట్ట మార్చనీయకపోయినను, ఒంటిమీద కమిలిన గుర్తులు కనబడినను పరువుకొరకు కప్పిపెట్టకుడు. 2012లో చేసిన పోక్సో చట్టము బిడ్డలపై లైంగిక దౌర్జన్యమును తెలిసియు చెప్పకుండుటయే నేరమని విధించినది. 1098 అను ఫోను సంఖ్య బిడ్డల రక్షణకొరకే యున్నది. అత్యవసరమున 112 కలదు. సంఘ పెద్దలు “మనలో మనము సర్దుకొందము” అన్నచో, మేమన్నను సరే, వినకుడు.

ఎనిమిదవది బిడ్డయే. మాటలురాని బిడ్డయు చెప్పును, మనము వినవలెను. మొదటి పది దినములు ఏడ్చుట సహజము. మొదటి వారము తల్లి అచ్చట కొంతసేపు కూర్చుండి, దినదినమునకు ఆ సమయము తగ్గించుకొనుట మేలు. మాసము గడచినను ఆ గడప చూచి బిగుసుకొనునా, అతిగా నిద్రించునా, ఆకలితో ఇంటికి వచ్చునా? సాయంకాలము మొలగుడ్డ ఉదయము కట్టినదేనా? ఏడ్చు బిడ్డనుగూర్చి ఒకసారి విచారింపుడు; ఏడ్వని బిడ్డనుగూర్చి రెండుసార్లు విచారింపుడు.

మన వంతు ధర్మము

ఇంతవరకు వారిని పరీక్షించు సంగతి చెప్పితిమి. మనలను మనము పరీక్షించుకొనవద్దా?

మొదటి గృహిణిని మేము చాలకాలము తిట్టుకొంటిమి. ఆమె చేసినది క్షమింపరానిదే. కాని ధర తగ్గింపుమని పట్టుబట్టినవారము మేమే గదా! మావంటివారు పదిమంది అట్లే తగ్గించినచో ఆమె పదునొకండుగురు బిడ్డలను చేర్చుకొన్నది. నూలులో ధర తగ్గిన కొలది పోగు సన్నగిల్లునని తెలిసిన వర్తకులము, ఈ బేరమున ఆ సూత్రమును మరచితిమి. ముగ్గురు బిడ్డలను మాత్రమే చూచుకొను స్త్రీకి, ఆ ముగ్గురి సొమ్ముతోనే ఇల్లు గడువవలెను.

కావున తగిన జీతమిండు. నెల మొదటనే ఇండు. బిడ్డ నాలుగు దినములు ఊరికి పోయెనని ఆ దినముల సొమ్ము కోయకుడు; ఆమె ఆ స్థానమును మీకై ఖాళీగా నుంచినది. ఆరు గంటలకు వత్తుమన్నవారు ఆరు గంటలకే పొండు. ఆమెకును ఇల్లున్నది, పొయ్యియున్నది, పండుగ యున్నది. పేరుపెట్టి ఏకవచనమున పిలువక అక్కా, అవ్వా యని పిలువుడు. బిడ్డ చూచుచునే యుండును. మనము గౌరవించినవారినే బిడ్డ గౌరవించును.

సంఘమునకు విన్నపము

సంఘమునకు మాదొక చిన్న విన్నపము. పెండ్లి సంబంధముల పట్టిక మన కార్యాలయమున నున్నది. విద్యార్థి వేతనముల పట్టిక యున్నది. అట్లే పాళణాఘర్‌ల పట్టిక ఒకటి యుండవలెను. అనుభవముగల ఇద్దరు తల్లులు రెండు మాసములకొకసారి, చెప్పని వేళ, ఆ ఇండ్లకు పోయి చూచి వచ్చి, బిడ్డల సంఖ్యను, చేతుల సంఖ్యను ఒక నోటుబుక్కులో వ్రాసియుంచిన చాలును. భవనము అక్కరలేదు, చందా అక్కరలేదు. ఆ నోటుబుక్కును తొలుత మేము కొని ఇచ్చెదము. తెలుగిండ్లే కాక మరాఠీ, కన్నడ, ఉర్దూ మాటలాడువారి ఇండ్లనుకూడ అందు చేర్చుకొనవలెనని మా కోరిక. తొట్టెల నూపు చేతికి భాషాభేదము లేదు.

బీడీ పని మానదలచిన మన నడివయసు స్త్రీలలో కొందరికి ఈ పని జీవనోపాధియు కాగలదు. వారికి ఒక డాక్టరుచేత, ఒక అనుభవముగల నర్సుచేత నాలుగు ఆదివారములు పాఠము చెప్పించినచో మన బిడ్డలకు తెలుగు పలుకు నోరును, కనిపెట్టు కన్నును ఒకే ఇంట దొరకును. ఆనాడు మా మిత్రుని దెప్పిపొడుపునకు మేము సంతోషముతో జవాబు చెప్పగలము.

మేము రేపు మరల కొట్టు తెరచి నూలు చిలప విప్పి పోగు తెంపి చూతుము. మీరును మీ మీ పనులలో అట్టి నేర్పుగలవారే. ఆ నేర్పులో సగము బిడ్డను విడుచు గడపవద్ద చూపుడని ప్రార్థించుచున్నాము.